డెస్క్‌టాప్ రూపం మార్చే సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు ఒక్కసారి ఇది చదివి కొనండి

తిరుపతిలో నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు నడిపే అన్నలకు, అక్కలకు, పిల్లల కోసం ఇంట్లో కొత్త కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లకు ముఖ్యంగా రాస్తున్నా. డెస్క్‌టాప్‌ను అందంగా మార్చే ఒక సాఫ్ట్‌వేర్‌ను డబ్బులు పెట్టి కొని రెండు నెలలు వాడినాను. నేనూ, నన్ను నమ్మి షాపుకొచ్చిన మనుషులూ ఎంత ప్రమాదంలో ఉన్నామో ఆ తర్వాత గానీ తెలీలేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరు తెలీకపోయినా వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు. ఇదే పద్ధతి రేపు ఇంకో పేరు పెట్టుకుని మీ ఫోన్‌లో ప్రకటనగా వస్తుంది.

నా షాపు బైరాగిపట్టెడలో. పెళ్లిపత్రికలు, పాన్ అప్లికేషన్లు, కాలేజీ ఫీజులు, కొండకు మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు, ఇదీ నా పని. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. నా పాత సిస్టమ్ ప్రాసెసర్ విండోస్ 11కి పనికిరాదు. నలుగురి డబ్బు లావాదేవీలు జరిగే చోట అప్‌డేట్లు రాని సిస్టమ్ ఉండకూడదని అప్పు చేసి కొత్తది కొన్నాను. అంటే భద్రత పట్టనివాడినేం కాదు. అందుకే ఈ సంగతి ఇంకా బాధగా ఉంది.

కొత్త సిస్టమ్‌లో స్టార్ట్ బటన్ మధ్యలో ఉంది. ఇన్నేళ్లుగా ఎడమ మూలకు పోయే చెయ్యి ఒక్కసారిగా మారదు కదా. ఇంకో ఇబ్బంది ఉంది, అది చేతి అలవాటు కంటే పెద్దది. నా బల్ల పక్కనే కస్టమర్ కుర్చీ. డెస్క్‌టాప్ నిండా ఆధార్ స్కాన్లు, మార్కుల మెమోలు, పాస్‌పోర్ట్ ఫోటోలు. ఒకరి కాగితాలు ఇంకొకరి కంట పడుతున్నాయని ఎప్పటినుంచో మనసులో ఉంది. సరిగ్గా అప్పుడే ప్రకటన వచ్చింది: పాత స్టార్ట్ మెనూ తిరిగి తెస్తాం, ఐకాన్లు మీకు నచ్చినట్టు పెడతాం, ఫైళ్లను తాళం వేసిన అరలో దాచుతాం. ఏడాదికి రూ. 1,499. కింద ఆకుపచ్చ కవచం బొమ్మ, దాని పక్కన ‘మిలిటరీ స్థాయి భద్రత’, ‘256 బిట్ ఎన్‌క్రిప్షన్’, ‘వైరస్ లేదని పరీక్షించి ధ్రువీకరించినది’. ఎవరు పరీక్షించినారో ఆ పేజీలో ఎక్కడా లేదు. నేనూ వెతకలేదు. యూపీఐలో కట్టేసినాను, ఆటోపే కూడా ఒప్పుకున్నాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ నీలం గడిలో కంపెనీ పేరు, ‘వెరిఫైడ్ పబ్లిషర్’ అని చూపించింది. అది చూసి ధైర్యం వచ్చింది. సగంలో ఇంకో పేజీ: ‘మీ యాంటీవైరస్ మా భద్రతా వ్యవస్థను అడ్డుకునే అవకాశం ఉంది, ఇన్‌స్టాల్ పూర్తయ్యేదాకా ఆపండి’. ఆపినాను. ఆ తర్వాతి పేజీలో ‘వెబ్ షీల్డ్’ అని ఒక గడిలో ముందే టిక్ పెట్టి ఉంది. అట్టే వదిలేసి ‘నెక్స్ట్’ నొక్కినాను. నేను ఆగాల్సింది ఆ రెండు చోట్ల.

పని మాత్రం చక్కగా చేసిందని చెప్పాలి. వెనుక ఏడుకొండల ఫోటో, కింద పెద్ద ఐకాన్ల వరుస, ఒక్కోదాని కింద తెలుగులో పేరు. వచ్చినవాళ్లు ‘భలే ఉందే’ అనేవాళ్లు. పదిహేను రోజులకు గూగుల్‌లో ఏది వెతికినా పైన రెండు కొత్త లింకులు రావడం మొదలైంది. కాలేజీ ఫీజు పేజీలో చెప్పుల ప్రకటన. ఆ వెబ్‌సైటు వాళ్లే డబ్బులకు పెట్టుకున్నారేమో అనుకున్నాను.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు చెన్నైలో చదివే మా అక్క కొడుకు వచ్చి షాపులో కూర్చున్నాడు. సాయంత్రం పద్మావతీపురం నుంచి ఒకామె కూతురి హాస్టల్ ఫీజు కట్టడానికి వచ్చింది. ఆమె బ్యాంకు పేజీ తెరిచినాను. యూజర్ నేమ్ గడి కింద, కుడి పక్కన, సగం ధరకు పట్టుచీరలని ఒక బొమ్మ. ఆమె అప్పటికే యూజర్ నేమ్ కొట్టి, కొంగుతో చేయి కప్పుకుని పాస్‌వర్డ్ కొట్టబోతోంది. మావాడు లేచి నిలబడి ‘అత్తా, ఆగు, ఏమీ కొట్టొద్దు’ అన్నాడు. నా వైపు తిరిగి, ‘మామా, బ్యాంకు వాళ్లు లాగిన్ పేజీలో చీరల ప్రకటన వేస్తారా?’ అని అడిగినాడు.

మౌస్ తీసుకుని అడ్రస్‌కు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కినాడు. ‘కనెక్షన్ ఈజ్ సెక్యూర్’ అనే ఉంది. దాని లోపలికి పోయి సర్టిఫికెట్ తెరిచినాడు. రెండు భాగాలు ఉంటాయి అందులో. పైన ఎవరికి ఇచ్చినారు అనే చోట బ్యాంకు పేరు సరిగ్గానే ఉంది. కింద ఎవరు ఇచ్చినారు అనే చోట, నేను రూ. 1,499 కట్టిన ఆ ఐకాన్ల కంపెనీ పేరు ఉంది. రెండు మూడు సార్లు చదివినాను. ఇంకో బ్యాంకు తెరిచినాడు, అదే పేరు. మెయిల్ తెరిచినాడు, అదే పేరు.

అర్థం కానివాళ్ల కోసం చెబుతాను. దస్తావేజు మీద సబ్‌రిజిస్ట్రార్ ముద్ర చూసి నమ్ముతాం కదా. అట్టే బ్రౌజర్ కూడా కొన్ని గుర్తింపు పొందిన సంస్థల ముద్ర చూసి ‘ఇది నిజం బ్యాంకే’ అని నమ్ముతుంది. ఆ ముద్రల జాబితా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్ ఆ జాబితాలో తన సొంత ముద్ర కూడా చేర్చేసింది. దాన్నే రూట్ సర్టిఫికెట్ అంటారు. ఇక ఏ పేజీకి పోయినా మధ్యలో ఇది నిలబడి, కవరు విప్పి, లోపల చూసి, తనకు కావాల్సిన ప్రకటన పెట్టి, తన ముద్రతో మళ్లీ అతికించి మన ముందు పెడుతుంది. బ్రౌజర్‌కు అనుమానం రాదు. పాస్‌వర్డ్ గడిలో కొట్టినది కూడా ఆ కవరులోనిదే.

ఇది కొత్త పనేం కాదు. 2014లో లెనోవో తన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం వేసి అమ్మింది. 2015 ఫిబ్రవరిలో గొడవ బయటపడింది. అదీ ఇట్టే రూట్ సర్టిఫికెట్ పెట్టింది. పైగా అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఒకటే తాళంచెవి. పరిశోధకులు దాని పాస్‌వర్డ్‌ను ఇట్టే కనిపెట్టేసినారు. అంటే ఆ ల్యాప్‌టాప్‌తో ఏ లాడ్జి వైఫైలోనో కూర్చుంటే, అదే వైఫైలో ఉన్న ఇంకొకడు నకిలీ బ్యాంకు పేజీ చూపించినా బ్రౌజర్ పట్టుకోలేదు. మన ఊర్లో రోజుకు ఎన్ని వేల మంది లాడ్జి వైఫై వాడతారో వేరే చెప్పక్కర్లేదు. ఆ ప్రోగ్రాం తీసేసినా సర్టిఫికెట్ మాత్రం లోపలే ఉండిపోయేది.

నా దగ్గరా అదే జరిగింది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఐకాన్లు పోయినాయి, కింది వరుస పోయింది, ముద్ర పోలేదు. స్టార్ట్‌లో ‘మేనేజ్ కంప్యూటర్ సర్టిఫికెట్స్’ అని వెతికి, అందులో ‘ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్’ తెరిస్తే, పెద్ద పెద్ద సంస్థల మధ్యలో ఆ పేరు కూర్చుని ఉంది. మీ సిస్టమ్‌లో కూడా ఇట్టే చూసుకోండి. పక్కనే ‘మేనేజ్ యూజర్ సర్టిఫికెట్స్’ అని ఇంకోటి ఉంటుంది, అది కూడా. కొన్ని యాంటీవైరస్‌లు, ఆఫీసుల కంప్యూటర్లు కూడా ఇట్టాంటి సర్టిఫికెట్ పెడతాయి. కాబట్టి తెలియని పేరు కనపడగానే తొందరపడి తీసేయకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

కంపెనీ చాట్‌లో అడిగితే, ‘ఇదంతా మీ భద్రత కోసమే సార్, మాది 256 బిట్ ఎన్‌క్రిప్షన్’ అన్నారు. ‘తాళం గట్టిదే, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?’ అని మూడుసార్లు అడిగినాను. మూడుసార్లూ అదే వాక్యం వచ్చింది. 256 బిట్ అని గొప్పగా చెప్పే, సమాచారాన్ని వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేసే ఏఈఎస్ పద్ధతి 2001లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా ప్రకటించినది. ఎవరైనా పైసా కట్టకుండా తమ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. మంచివాడూ పెట్టుకుంటాడు, దొంగా పెట్టుకుంటాడు. ‘మిలిటరీ స్థాయి’ అనే మాటకైతే ఏ పరీక్షా లేదు.

‘వెరిఫైడ్ పబ్లిషర్’ సంగతి కూడా మావాడే చెప్పినాడు. ఆ ఫైలు ఫలానా కంపెనీదే, దారిలో ఎవరూ మార్చలేదు అని మాత్రమే దానికి అర్థం. ఆ కంపెనీ మంచిదని కాదు. 2017లో కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లు తుడిచే సీక్లీనర్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ సిస్టమ్‌లలోకే దొంగలు దూరి, అసలు సంతకంతోనే వైరస్ ఉన్న వెర్షన్‌ను బయటికి పంపినారు. దాదాపు 22 లక్షల 70 వేల మంది వేసుకున్నారు. బ్రౌజర్‌లో తాళం గుర్తును జనం ‘ఈ సైటు మంచిది’ అని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది. పేరున్న కంపెనీ అయితే ఫరవాలేదు అనుకునేవాళ్లకు ఇంకోటి. జనం బ్రౌజింగ్‌ను కాపాడతామని చెప్పిన యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్, అదే జనం బ్రౌజింగ్ వివరాలను అమ్ముకున్నందుకు 2024లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ దాన్ని కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది.

విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వాడితే ఈ గొడవ ఉండదని కొందరు అంటారు. 2024 మార్చిలో లినక్స్‌లో వాడే కేడీఈ అనే డెస్క్‌టాప్‌కు ఎవరో చేసిన ఒక థీమ్ వేసుకున్న మనిషి ఫైళ్లన్నీ చెరిగిపోయినాయి. అందులో దొంగబుద్ధి లేదు, రాసిన కోడ్‌లో తప్పు అంతే. థీమ్ అంటే రంగులే అనుకుంటాం. అది కూడా లోపల ఆదేశాలు నడిపించగలదు.

నా మనసులో నిలిచిపోయిన ప్రశ్న ఒకటే. గోడకు సున్నం కొట్టడానికి వచ్చినవాడు బీరువా తాళాలు అడిగితే ఇస్తామా? ఐకాన్లు మార్చే సాఫ్ట్‌వేర్‌కు నా కస్టమర్ బ్యాంకు పేజీతో ఏం పని? యాంటీవైరస్ ఎందుకు ఆపాలి? కొనేముందు కంపెనీ ఏం చెప్పిందో కాదు, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఏం అడుగుతోందో చూడండి. రూపం మార్చేదానికి అక్కర్లేనిది ఏది అడిగినా అక్కడే ‘క్యాన్సిల్’ కొట్టండి. డబ్బు కట్టేసినాం కదా అని ముందుకు పోకండి.

ఇంకో బాధ ఏంటంటే, నాకు కావాల్సినవి విండోస్‌లోనే ఉచితంగా ఉన్నాయి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, కింద ‘టాస్క్‌బార్ బిహేవియర్స్’లో అలైన్‌మెంట్‌ను ‘లెఫ్ట్’ అని మారిస్తే స్టార్ట్ బటన్ ఎడమ మూలకు వచ్చేస్తుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ‘వ్యూ’, ‘షో డెస్క్‌టాప్ ఐకాన్స్’ టిక్ తీసేస్తే ఒక్క ఫైలూ కనపడదు. కస్టమర్ల కాగితాలు డెస్క్‌టాప్ మీద పెట్టడం మానేసి, పని అయిన రోజే చెరిపేస్తున్నా. ఇంకా సోకు కావాలనుకునేవాళ్లకు రెయిన్‌మీటర్ లాంటివి ఉన్నాయి, ఉచితం, కోడ్ అందరికీ కనపడుతుంది. కానీ దాని స్కిన్‌లు, అంటే పైన వేసే రూపాలు, ఎవరెవరో చేసినవి, కొన్నింటితో ప్లగిన్‌లు కూడా వస్తాయి. ఊరూపేరూ లేని చోట నుంచి దించుకోకండి.

సంక్రాంతి మూడు రోజులు షాపు మూసి సిస్టమ్ మొత్తం ఫార్మాట్ కొట్టినాం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పాత పెళ్లిపత్రికల డిజైన్లు మళ్లీ ఎక్కించేసరికి నడుములు పడిపోయినాయి. యూపీఐ యాప్‌లోకి పోయి ఆటోపే నేనే రద్దు చేసినాను. సాఫ్ట్‌వేర్ తీసేస్తే అది దానంతటదే ఆగదు, గుర్తుంచుకోండి. ఏడు రోజులు దాటిందని డబ్బు వెనక్కి ఇవ్వలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పే కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసినాను. మీ ఖాతాలో డబ్బే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆపడానికి అంత వీలు.

ఇప్పటిదాకా ఎవరి డబ్బూ పోయినట్టు నా చెవిన పడలేదు. కానీ ఆ రెండు నెలల్లో నా సిస్టమ్‌లో ఎవరెవరు లాగిన్ అయినారో పని రాసుకునే నోటుపుస్తకం ముందు పెట్టుకుని పాస్‌వర్డ్ మార్చుకోమని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నా. కొందరు తిట్టినారు, పడినాను. కొర్లగుంట నుంచి వచ్చే ఒక పెద్దాయన ‘పాస్‌వర్డ్ పెట్టింది నువ్వే కదా నాయనా, నువ్వే మార్చు’ అన్నాడు. ఆ మాటకు నోట మాట రాలేదు. ఫోన్ నంబరు రాసుకోనివాళ్లు పదిహేడు మంది మిగిలినారు, ఎక్కువగా దర్శనం టికెట్ల కోసం వచ్చిపోయిన బయటి ఊరివాళ్లు. నవంబర్ నుంచి సంక్రాంతి లోపల బైరాగిపట్టెడలో ఏ షాపులోనైనా మెయిల్‌గానీ బ్యాంకుగానీ తెరిచి ఉంటే, అది నా షాపో కాదో ఆలోచించకుండా ఈరోజే పాస్‌వర్డ్ మార్చేయండి, మీ సొంత ఫోన్‌లో. మార్చుకోవడం రానివాళ్లు మీ ఫోన్ తీసుకుని షాపుకు రండి. పక్కన కూర్చుని చూపిస్తాను, డబ్బులేం వద్దు.