దొడ్డు షెల్ గ్రిట్: తోలుగుడ్లు ఆగినయ్, కానీ ఇరుక్కున్న గుడ్డుకి ఇది మందు కాదు

డాబా మీద నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు ఎవరైనా లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) తర్వాత ఇంకేం కొనాలి అని అడిగితే నేను చెప్పేది షెల్ గ్రిట్టే, అంటే ఆల్చిప్పలు చితక్కొట్టి అమ్ముతారు కదా అది. ఎండాకాలం నుంచి వాడుతున్నా కాబట్టి ఏది పనిచేసిందో ఏది పనిచేయదో వివరంగా రాస్తున్నా, కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టలున్నవాళ్లు.

మాది హైదరాబాద్‌లో బోడుప్పల్. గ్రామప్రియ పెట్టలున్నయ్, పాతబస్తీ కోళ్ల మార్కెట్ ముర్గీ చౌక్ నుంచి తెచ్చుకున్న నాటు పెట్టలు ఒకట్రెండు కూడా. ఎండలు ముదిరాక గ్రామప్రియలు తోలుగుడ్లు పెట్టడం మొదలెట్టినయ్, పెంకే ఉండదు, చేత్తో తీస్తే నీళ్లు నింపిన కవర్ లాగా జారిపోతది. నాటువాటికి మాత్రం ఏం కాలేదు. నాటు పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లు పెట్టి మధ్యమధ్యలో పొదుగుకి కూర్చుంటది, గ్రామప్రియ అట్లా కాదు, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు గుడ్ల కోసమే తీసిన రకం, నాటుదానికి రెట్టింపు పైనే పెడతది. ఒక్కో పెంకుకి సుమారు 2 గ్రాముల కాల్షియం పోతది, దాణాలో అది దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడతది, కొన్నాళ్లకి అదీ సరిపోదు. దీనికి తోడు మన ఎండలు. 40 డిగ్రీలు దాటితే కోడి నోరు తెరిచి రొప్పుతుంటది కదా, అట్లా రొప్పినప్పుడు ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి పెంకు తయారయ్యే సరుకే రక్తంలో తగ్గిపోతది, పైగా ఆ వేడికి మేత కూడా సరిగ్గా తినదు.

దాణా షాపులో అడిగితే ఆయన "సన్నది కావాల్నా అక్కా, దొడ్డుదా?" అన్నాడు. దొడ్డుదే తీసుకోండి, అసలు ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఇదే. కోడి లోపల గుడ్డు తయారవడానికి ఒక రోజు పైనే పడితే అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే పోతది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. రాత్రి కోడి ఏమీ తినదు. సన్నటి పొడి అయితే తొందరగా కరిగి పోతది, దొడ్డు ముక్క మాత్రం గిజ్జర్డ్‌లో, అంటే కందనకాయలో ఆగి రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతూ కాల్షియం ఇస్తది. సాయంత్రం గూట్లోకి ఎక్కేముందు మా పెట్టలు గ్రిట్ గిన్నె దగ్గరికే పోయి ఏరుకుని తింటయ్, వాటికి ఎవరు చెప్పారో గానీ నాకైతే చూడముచ్చటగా ఉంటది.

దాణాలో మాత్రం కలపొద్దు, గిన్నె వేరేగా పెట్టండి. గుడ్లు పెట్టేవాటికి మేతలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం కావాలి, పెరిగే పిల్లలకి 1 శాతం చాలు, అంతకంటే బాగా ఎక్కువైతే పిల్లల కిడ్నీలు పాడవుతయ్. వేరే గిన్నెలో ఉంటే ఎవరికి కావాల్సింది వాళ్లు తింటారు, పుంజు అటువైపు కూడా చూడడు. ఇంకోటి, పొద్దున కాసేపైనా ఎండ తగలాలి, విటమిన్ డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. గ్రిట్ పెట్టి, మధ్యాహ్నం షేడ్ నెట్ కట్టి, చల్లటి నీళ్లు పెట్టాక కొన్నాళ్లకే పెంకులు గట్టిపడ్డయ్.

ఇప్పుడు అసలు జాగ్రత్త. కొత్తగా గుడ్డుకొచ్చిన మా పెట్ట ఒకటి ఒకరోజు మూలకి నిలబడిపోయింది, ఒళ్లంతా ఉబ్బరించి, తోక కిందకి వేలాడేసి, ఊపిరికొకసారి తోక పైకీ కిందకీ ఆడిస్తుంది, మెడ లోపలికి లాగేసుకుని కళ్లు మూస్తుంది. మా అత్తమ్మ "పొదుక్కొచ్చినట్టుంది, కూసోనియ్యి" అంది. పొదుక్కొచ్చిన పెట్ట అయితే చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తది, ఇది చెయ్యి పెట్టినా కదల్లేదు, నిలబడి ముక్కుతుంది, కింద తడిగా ఉంది. గ్లోవ్ వేసుకుని కొబ్బరి నూనె రాసి గుడ్డు బయటికొచ్చే దారిలో వేలితో మెల్లగా చూస్తే కొంచెం లోపలే గట్టిగా గుడ్డు తగిలింది.

ఈ టైంలో గ్రిట్ పెడితే లాభం లేదు, అది కరిగి రక్తంలోకి వచ్చేదాకా ఆగే పరిస్థితి కాదు. కాల్షియం పెంకుకే కాదు, గుడ్డుని బయటికి నెట్టే కండరాలకి కూడా కావాలి, అందుకే వెంటనే ఒంటికి పట్టే లిక్విడ్ కాల్షియం డాక్టర్ ఫోన్‌లో చెప్పిన మోతాదు ప్రకారం పట్టించాం, టబ్‌లో గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ కలిపి పొట్ట మునిగేలా 15, 20 నిమిషాలు కూర్చోబెట్టాం, టవల్‌తో పూర్తిగా తుడిచి ఆరబెట్టి చీకటిగా ఉన్న అట్టపెట్టెలో ఒంటరిగా ఉంచాం. సాయంత్రానికి గుడ్డు పడింది. బయటి నుంచి పొట్ట నొక్కి గుడ్డు తోయొద్దు, లోపల పగిలితే పెంకు ముక్కలు కోసుకుని చీము పడతది, కోడి దక్కదు. కొన్ని గంటల్లో కదలిక లేకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాల్సిందే, ఇంజెక్షన్లు అవీ ఆయనే ఇవ్వాలి, ఒకట్రెండు రోజులు అట్లాగే వదిలేస్తే చచ్చిపోతది. సిటీలో పెట్ క్లినిక్‌లు చాలావరకు కుక్కలు పిల్లులే చూస్తయ్, అందుకే కోళ్లని చూసే డాక్టర్ ఎవరో ముందే కనుక్కుని నంబర్ పెట్టుకోండి.

గుడ్డుతోపాటు లోపలి భాగం ఎర్రగా బయటికి వస్తే వెంటనే ఆ పెట్టని వేరు చేయండి, మిగతా కోళ్లు అక్కడే పొడిచి పొడిచి చంపేస్తయ్. పొట్ట రోజురోజుకీ మెత్తగా ఉబ్బుతూ గుడ్లు ఆగిపోతే అది వేరే రోగం. చాలా కోళ్లు ఒకేసారి తుమ్ముతూ ముడతల గుడ్లు పెడుతుంటే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే అంటురోగం కావచ్చు. వీటన్నిటికీ గ్రిట్ పనిచేయదు, డాక్టరే.

కొనేటప్పుడు పిడికెడు తీసుకుని ఇంట్లో నిమ్మరసం పిండి చూడండి, ఆల్చిప్ప అయితే బుసబుస నురగొస్తది, ఇసుకా మామూలు గులకా అయితే ఏమీ రాదు. దాణా షాపులో లూజుగా తీసుకుంటే చాలా చవక, ఆన్‌లైన్ చిన్న ప్యాకెట్లలో అదే సరుకు అంతకి ఎన్నో రెట్లు. నాకొచ్చిన సంచిలో అడుగున దుమ్ము బాగా ఉంది, జల్లెడ పట్టి ఆ పిండి కరివేపాకు కుండీలో వేశా. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర తగ్గించింది దుమ్ముకే.