ఫ్లాస్కులో వచ్చే నెపెంథిస్ మొక్కలు: కొనొచ్చా?

నెపెంథిస్ అంటే ఆకు చివర కూజాలు కట్టి, వాటిలో పడిన పురుగుల్ని తినే మొక్కలు. వీటిలో కొత్త జాతి దొరికిందని తెలిస్తే చాలు, దాన్ని పీక్కొచ్చి అమ్ముకునేవాళ్లు బయల్దేరతారు. ఫిలిప్పీన్స్‌లోని పలవాన్ దీవిలో విక్టోరియా కొండ మీద దొరికిన అటెన్‌బరోయి అనే జాతికి 2009లో పేరు పెట్టారు. అది ఇప్పుడు అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో ఒకటి. ఇలాంటి మొక్క కావాలనుకుంటే ల్యాబ్‌లో పెంచి ఫ్లాస్కులో (క్రిములు లేకుండా మూసిన సీసాలో) అమ్మేదే కొనండి. లావుపాటి కాండం నరికి, పురుగు కొట్టిన పాత ఆకులతో కనిపించే పెద్ద మొక్క అడవి నుంచి వచ్చిందని అనుమానించాల్సిందే. అది ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఫ్లాస్కు మొక్కల నాణ్యత బాగుంటుంది, కానీ బయటికి తీశాకే అసలు పని. వేళ్లకు అంటిన అగర్‌ను (ఫ్లాస్కులో మొక్క పెరిగే జెల్లీ లాంటి పదార్థాన్ని) గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కడిగెయ్యాలి. అందులో చక్కెర ఉంటుంది, కొంచెం మిగిలినా బూజు పట్టి మొక్క మొదలు కుళ్లిపోతుంది. వేళ్లు నల్లగా, దారాల్లా ఉన్నాయని కుళ్లినవనుకుని కత్తిరించకండి. నెపెంథిస్ వేళ్ల రంగే అది. పట్టుకుంటే పుటుక్కున తెగుతాయి, జాగ్రత్త.

పొడవు పోగుల స్ఫాగ్నమ్ (ఒక రకం నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లని ఖనిజపు గుళికలు) సమానంగా కలిపి నాటి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. మొదట్లో గాలిలో తేమ 80 శాతానికి తగ్గకూడదు. ఫ్లాస్కులో పెరిగిన ఆకుకు తేమను పట్టి ఉంచే శక్తి తక్కువ, అందుకే మూతను మూడు నాలుగు వారాల్లో కొంచెం కొంచెంగా తెరుస్తూ పోవాలి. వాన నీళ్లు గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ పొయ్యండి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 50 లోపు ఉంటే మంచిది. కుండీలో ఎరువు వెయ్యొద్దు.

ఎత్తైన కొండల జాతులకు పగలు 25 డిగ్రీల వరకు ఫర్వాలేదు, రాత్రి మాత్రం 15 దగ్గరికి దిగాలి. రాత్రి చల్లబడని చోట కొత్త ఆకు పాతదానికన్నా చిన్నదిగా వస్తుంది, కూజా కట్టడం ఆగిపోతుంది. ఆకు చివర కూజా కట్టే తీగ కొన నల్లగా ఎండితే తేమ చాలడం లేదన్నమాట. ఆ వసతి లేనివాళ్లు వెంట్రాటా లాంటి హైబ్రిడ్‌తో (రెండు జాతుల్ని కలిపి పుట్టించిన మొక్కతో) మొదలుపెట్టడం మేలు.

ఫ్లాస్కు మొక్కలతో పెద్ద చిక్కు వేరే ఉంది. నెపెంథిస్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. ఒకే క్లోన్ నుంచి, అంటే ఒకే మొక్కకు నకళ్లుగా, తీసిన వేల మొక్కలన్నీ ఒకే లింగానివి కాబట్టి, వాటిలో వాటికి విత్తనం కట్టదు. జాతిని నిలబెట్టే ఉద్దేశం ఉంటే విత్తనం నుంచి పెంచినవీ, వేర్వేరు క్లోన్లవీ అడగండి. లేబుల్ మీద క్లోన్ నంబరు లేకపోతే తీసుకోకండి.

కాగితాల సంగతి: ఈ ప్రజాతి మొత్తం సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) పరిధిలో ఉంది. రాజా, ఖాసియానా అనే జాతులు కఠినమైన మొదటి అనుబంధంలో, మిగతావి రెండో దాంట్లో. రెండో అనుబంధం జాతులకు స్టెరైల్ ఫ్లాస్కులో ఉన్నంతవరకు సైటీస్ పర్మిట్ అక్కర్లేదు. ఫ్లాస్కు నుంచి తీసిన మొక్క దేశం దాటాలంటే మాత్రం తప్పనిసరి.