స్టోట్స్ టెయిల్, బ్లూ చార్మ్, హెయిరీ మేరీ: ఏళ్ల తరబడి కట్టి వాడాక

సాల్మన్ ఫ్లై, అంటే సాల్మన్ చేపని పట్టడానికి హుక్ మీద ఈకలు, వెంట్రుకలు దారంతో కట్టి చేసే ఎర, అనగానే చాలామందికి జాక్ స్కాట్ లాంటివి గుర్తొస్తాయి. రంగురంగుల ఈకలు వరసగా పేర్చి కట్టే ఆ ఫ్లైలు గోడకి తగిలిస్తే బాగుంటాయి. నీళ్లలో వేయడానికి మాత్రం నేను కట్టుకునేవి మూడే. మూడూ స్కాట్లాండ్ నదుల్లో పేరున్నవే.

ఎక్కువ మార్కులు స్టోట్స్ టెయిల్‌కే. నల్ల ఫ్లాస్‌తో (పట్టులాంటి మెత్తటి దారం) ఒళ్లు, దాని మీద వెండి ఓవల్ టిన్సెల్ (మెరిసే జరీలాంటి తీగ) చుట్లు, గొంతు కింద నల్ల హాకిల్ (కోడి మెడ ఈక), పైన నల్ల వెంట్రుకల రెక్క. తోకకి గోల్డెన్ ఫెజంట్ తల మీది పసుపు ఈక ఒకటి. అది దొరక్కపోయినా పెద్ద తేడా ఉండదు. రెక్కకి నిజంగా స్టోట్ (ముంగిసలా ఉండే చిన్న జంతువు) తోకే కావాలనేం లేదు, నల్ల రంగు వేసిన ఉడుత తోక చాలు. జింక తోక వెంట్రుకలు చిన్న హుక్ మీద నాకు నచ్చలేదు. దారం బిగించగానే విచ్చుకుపోతాయి. ఉడుత వెంట్రుకలు కుదురుగా కూర్చుంటాయి, కానీ నున్నగా ఉండి జారిపోతాయి. అందుకే మొదళ్లు సమంగా కత్తిరించి, అక్కడ చుక్క వార్నిష్ పెట్టి ఆ తడి మీదే దారం చుట్టేస్తాను. టిన్సెల్‌ని ఫ్లాస్ చుట్టిన దిక్కుకి ఎదురుగా తిప్పితే చేప పళ్లు తగిలినా ఒళ్లు అంత తొందరగా ఊడిరాదు. హుక్ కన్ను వెనక కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే తల కట్టే చోటుండదు.

రెక్క పలచగా ఉండాలి. కట్టేటప్పుడు 'ఇంకో నాలుగు వెంట్రుకలు పెడదామా' అనిపిస్తుంది చూడండి, అప్పుడే ఆపేయాలి.

బ్లూ చార్మ్ గొంతు నీలం. 20వ శతాబ్దం మొదట్లో స్కాట్లాండ్‌లోని డీ నది మీద కేర్న్‌టన్‌లో చేపలు పట్టిన ఆర్థర్ వుడ్‌కి ఇష్టమైన కొద్ది ఫ్లైల్లో ఇదొకటి. పలచగా కట్టిన చిన్న ఫ్లైని నీటి పైపొరలోనే తేల్చడం ఆయన పద్ధతి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు అది నాకూ పనికొచ్చింది. దీని పాత పద్ధతి ఈకల రెక్క అందంగానే ఉంటుంది గానీ, కాసేపు విసిరేసరికి చీలిపోతుంది. బూడిదరంగు ఉడుత వెంట్రుకలతో కడితే సీజన్ అంతా నిలుస్తుంది. నదిలోకి వచ్చాక సాల్మన్ మేత దాదాపు మానేస్తుంది. కాబట్టి ఏదో పురుగుని అచ్చు గుద్దినట్టు కట్టాల్సిన టెన్షన్ లేదు. సైజు, నీటిలో కదలిక సరిపోతే చాలు.

హెయిరీ మేరీ గురించి చెప్పేది తక్కువ. బ్లూ చార్మ్‌కి చుట్టమే: నల్ల ఒళ్లు, బంగారు టిన్సెల్, నీలం హాకిల్, గోధుమరంగు వెంట్రుకలు. నీళ్లు టీ రంగుకి తిరిగినప్పుడు కాస్త పెద్ద హుక్ మీద కట్టి వాడతాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు 8వ నంబర్ సింగిల్ హుక్ మీద స్టోట్స్ టెయిల్ కట్టండి. రెండు ముళ్లుండే డబుల్ హుక్ జోలికి తర్వాత వెళ్లొచ్చు, దాని రెండు ముళ్లకీ దారం తగులుకుని తెగుతూ ఉంటుంది.