డ్రైవర్‌సీటీఎల్: మూడేళ్ల వాడకం తర్వాత

ఏ కార్డును ఏ డ్రైవర్ నడపాలో మనమే చెప్పుకునే లైనక్స్ కమాండ్ డ్రైవర్‌సీటీఎల్ (driverctl). విశాఖ ఆటోనగర్ వర్క్‌షాపుల్లో ఉబుంటు లైనక్స్ వేసిన పాత డెస్క్‌టాప్‌ల మీద మూడేళ్లుగా నడుస్తోంది. ఒకేరకం కార్డులు రెండున్న చోట దీన్ని మించింది దొరకలేదు.

రెండు రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డులున్నాయనుకోండి, రెండింటి ఐడీ (తయారీదారు, మోడల్ నంబరు) 10ఈసీ:8168. ఒకటి బిల్లింగ్‌కి ఉండాలి, రెండోది వర్చువల్ మెషీన్‌లోని (అదే పెట్టెలో సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్‌లోని) ఫైర్‌వాల్‌కి పోవాలి. కార్డును వర్చువల్ మెషీన్‌కి అప్పగించే డ్రైవర్ వీఎఫ్ఐఓ-పీసీఐ. బూట్ లైన్లో దానికి ఐడీ రాస్తే రెండు కార్డులూ దాని చేతికే పోతాయి, బిల్లింగ్ ఆగిపోతుంది. 2014లో లైనక్స్ 3.16 కెర్నెల్‌తో వచ్చిన డ్రైవర్ ఓవర్‌రైడ్ మాత్రం ఐడీని కాక కార్డు ఉన్న స్లాట్ అడ్రస్‌ని చూస్తుంది. డ్రైవర్‌సీటీఎల్ నడిచేది దాని మీదే.

చేత్తో చేస్తే కొత్త డ్రైవర్ మాడ్యూల్ లోడ్ చేయాలి, కార్డు ఓవర్‌రైడ్ ఫైల్లో దాని పేరు రాయాలి, పాత డ్రైవర్ నుంచి అన్‌బైండ్ చేయాలి (విడదీయాలి), మళ్లీ ప్రోబ్ చేయించాలి (డ్రైవర్‌ను వెతికించాలి). ఓవర్‌రైడ్‌లో పేరు రాసినంత మాత్రాన డ్రైవర్ మారదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పైగా రూట్ హక్కులిచ్చే సుడోతో ఎకో కొట్టి ఫైల్లోకి మళ్లిస్తే పర్మిషన్ డినైడ్ వస్తుంది, ఎందుకంటే ఆ మళ్లింపు చేసేది మామూలు యూజర్ షెల్. సుడోతో టీ (tee) కమాండ్ వాడాలి. పేరులో ఒక్క అక్షరం తప్పినా ఆ కార్డుకు ఏ డ్రైవరూ తగలదు.

ఇదంతా డ్రైవర్‌సీటీఎల్‌లో ఒక్క లైను: సెట్-ఓవర్‌రైడ్, 0000:03:00.0, వీఎఫ్ఐఓ-పీసీఐ. రీబూట్ అయినా నిలుస్తుంది. మొదటిసారి నోసేవ్ ఆప్షన్‌తో చేయండి. తేడా వస్తే రీస్టార్ట్‌తో పోతుంది. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగినై) ఉండగా ఆ లాగిన్ నడిచే నెట్‌వర్క్ కార్డును, రూట్ డిస్క్ ఉన్న కంట్రోలర్‌ను మాత్రం ముట్టుకోకండి.

లోపం కూడా ఆ అడ్రస్‌లోనే ఉంది. కొత్తగా ఎన్‌వీఎంఈ డిస్క్ బిగిస్తే బస్ నంబర్లు జరగొచ్చు. నిన్నటి 03 ఇవాళ 04 అయితే, దాచిన ఓవర్‌రైడ్ వేరే కార్డు మీద పడుతుంది. పెట్టె విప్పే ముందు అన్‌సెట్-ఓవర్‌రైడ్ చేసి, బిగించాక కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి -ఎన్ఎన్‌కే తగిలించి (lspci -nnk) అడ్రస్ మళ్లీ చూసుకోవాలి. అలాగే ఐఓఎంఎంయూ గ్రూపులో (హార్డ్‌వేర్ విడదీయలేక ఒకే జట్టుగా చూసే డివైస్‌లలో) పక్క డివైస్ సొంత డ్రైవర్‌తోనే ఉంటే వర్చువల్ మెషీన్ స్టార్టవదు.

యూఎస్‌బీ వస్తువులకు ఈ ఓవర్‌రైడ్ లేదు. మిషన్లకు ప్రోగ్రాం పంపే సీహెచ్340 సీరియల్ కేబుల్ ఉబుంటు 22.04లో తగిలించగానే మాయమైతే, దాన్ని లాక్కున్నది బ్రెయిలీ డిస్‌ప్లే నడిపే బీఆర్ఎల్‌టీటీవై. ఆ పరికరం వాడేవాళ్లు లేకపోతే ప్యాకేజీ తీసేయండి, పోర్టు తిరిగొస్తుంది. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌ (dmesg)లో ఎర్రర్ మైనస్ 71 పదేపదే వస్తుంటే మాత్రం డ్రైవర్ జోలికి పోకండి. అది సిగ్నల్ సరిగా అందడం లేదనడానికి గుర్తు. మన సముద్రపు ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. ముందు కేబుల్ మార్చి చూడండి.