అమ్మతో కలిసి చూసిన అపు బ్లూరే సెట్

సత్యజిత్ రే తీసిన బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’ని మొదటిసారి కాలేజీ రోజుల్లో ఎవరో ఇచ్చిన కాపీలో చూశాను. తెర నిండా బూడిద రంగు, మాటల వెనక గరగర. సగంలోనే ఆపేశాను. అందరూ గొప్పదంటున్న సినిమా నాకే ఎక్కలేదనుకున్నాను.

ఈ అక్టోబర్‌లో అమ్మ కొవ్వూరు నుంచి న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చింది. తనతో చూద్దామని, పాత మంచి సినిమాల్ని డిస్కులుగా తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్ వాళ్ల అపు సెట్ కొన్నాను. అపు అనే కుర్రాడి కథగా రే తీసిన మూడు సినిమాలు: ‘పథేర్ పాంచాలి’, ‘అపరాజితో’, ‘అపుర్ సంసార్’, మూడు డిస్కులు.

వానకు ముందు చెరువులో తామరాకుల మధ్య నీటి పురుగులు గిరగిరా తిరిగే చోట అమ్మ, “ఒరేయ్ ఆగు, మళ్ళీ పెట్టు” అంది. మూడుసార్లు పెట్టించుకుంది. “మన ఊరి చెరువులోనూ ఉండేవిరా ఇవి. బిందెతో అటు తోసేసి నీళ్లు ముంచుకునేవాళ్లం. ఇంత అందంగా తిరుగుతాయని చూడనేలేదు.” నా పాత కాపీలో ఆ చోట ఒక బూడిద మచ్చ మాత్రమే గుర్తుంది. సత్యజిత్ రే ఇలాంటి చిన్నవాటి మీదే సినిమా నడిపాడు. అవి కనపడకపోతే ఇక చూడ్డానికి మిగిలేది తక్కువే.

ఈ డిస్కులోని బొమ్మ వెనక పెద్ద కథే ఉంది. అసలు నెగెటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక ల్యాబ్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కల్ని అమెరికాలో, ఆస్కార్లిచ్చే అకాడమీ వాళ్ల ఫిల్మ్ ఆర్కైవ్ దాచిపెట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో వాటిని మెత్తబరిచి, చిరుగులు చేత్తో అతికి, 4కెలో స్కాన్ చేశారు. ‘పథేర్ పాంచాలి’లో 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతం పైగా అలా అసలు నెగెటివ్ నుంచే వచ్చింది. ‘అపుర్ సంసార్’ నెగెటివ్ మాత్రం పనికిరాలేదు, దాన్ని వేరే కాపీల నుంచి చేశారు. దీన్నంతా చూపించే చిన్న ఫిల్మ్ కూడా సెట్‌లో ఉంది, తప్పక చూడండి.

రెల్లు పొలంలో పిల్లలు రైలు చూసే ఘట్టం సంగతి అమ్మకు చెప్పాను. ఒకరోజు షూటింగ్ చేసి తర్వాతి వారం వెళ్లేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయట. మళ్ళీ పూసేదాకా ఏడాది ఆగారు. కెమెరా పట్టిన సుబ్రతా మిత్రాకు అప్పుడు 21 ఏళ్లు, సినిమా కెమెరా ముట్టుకోవడం అదే మొదలు.

లోటు ఒకటే. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి, అమ్మకు నేను పక్కన కూర్చుని చెప్పాల్సి వచ్చింది. ఇంకో మాట, బ్లూరే డిస్కులు ఏ ప్రాంతానివి ఆ ప్రాంతం ప్లేయర్లలోనే ఆడేలా చేస్తుంటారు. ఇవి అమెరికా ఉన్న ‘రీజియన్ ఏ’ డిస్కులు. ఇండియా ప్లేయర్లు రీజియన్ సి కాబట్టి అక్కడివాళ్లకి పంపేముందు చూసుకోండి.

మర్నాడు పొద్దున ఇడ్లీకి నానబోసిన మినపప్పు గిన్నె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పొట్టు ఒక్కొక్కటే విడి పైకి తేలుతోంది, కిటికీ వెలుతురు నీళ్లలో అడుగుదాకా దిగుతోంది. వారం వారం నానబోస్తూనే ఉన్నాను.

ఆ రాత్రి నాన్న వీడియో కాల్ చేశారు. అక్కడ తెల్లవారుతోంది, గోదావరి గట్టు మీద నడుస్తున్నారు.

“ఫోన్ కాస్త లంకల వైపు తిప్పండి” అంది అమ్మ.

“అక్కడేముందే, రెల్లు తప్ప?”

“అదే చూపించండి.”