పొట్టి జట్టు, గట్టి కథ
భీమవరంలో మా అమ్మాయికి కొన్న ఈ బాలల నవల, పొట్టి పిల్లల బాస్కెట్‌బాల్ జట్టు గురించి రాసినది. రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉండే ఆటలో వాళ్లు ఎలా నెగ్గుకొస్తారన్న ప్రశ్నకు రచయిత అద్భుతాలతో కాక ఆటతోనే జవాబిచ్చారు. ప్రత్యర్థి 8 సెకన్లలో సగం కోర్టు దాటలేకపోతే బంతి తమదవుతుంది కనుక, ఈ జట్టు మొదటి నుంచే ఒత్తిడి పెడుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది బాక్స్ అవుట్ అధ్యాయం: బంతి రింగుకు తగిలేలోపే చిన్న పిల్ల మోకాళ్లు వంచి, తనకన్నా తలెత్తు పొడవైన ఆటగత్తెను వీపుతో ఆపి, రీబౌండును, అంటే గురి తప్పి రింగు నుంచి తిరిగొచ్చే బంతిని, అందుకునే తీరు కళ్లకు కట్టినట్టుంది. కోచ్ ఉపన్యాసాలను మాత్రం బాగా సాగదీశారు. బొమ్మలు ఫర్వాలేదు. కబడ్డీ, వాలీబాల్ మాత్రమే తెలిసిన మన కోనసీమ పిల్లలు కూడా తడబడకుండా చదవగలరు. పదేళ్లు దాటినవారికి నిస్సంకోచంగా కొనివ్వవచ్చు.