జెర్మాట్ వెళ్ళడం, అక్కడ తిరగడం: నా రివ్యూ
స్విస్ ట్రిప్ ప్లాన్ చేసేవాళ్ళు ముందు ఇది తెలుసుకోండి, జెర్మాట్ ఊళ్ళోకి టూరిస్టుల కార్లు రానివ్వరు. రెంటల్ కారైతే పక్క ఊరు టాష్‌లో పార్క్ చేసి షటిల్ రైలెక్కాలి, 12 నిమిషాలంతే, పైగా లగేజీ ట్రాలీని అలాగే రైల్లోకి తోసేయొచ్చు, రైస్ కుక్కర్, పచ్చళ్ళతో సహా బయల్దేరే మనలాంటి వాళ్ళకి ఇది పెద్ద రిలీఫ్. రైల్లో వచ్చేవాళ్ళు విస్ప్‌లో జెర్మాట్ రైలుకి మారితే చాలు.

ఊళ్ళో అన్నీ బ్యాటరీ బళ్ళే, డబ్బాల్లా ఉంటాయి, చప్పుడుండదు, పక్కకొచ్చేదాకా తెలీదు కాబట్టి పిల్లల చెయ్యి వదలకండి. టాక్సీ రేటు మాత్రం గుండె గుభేల్, సామాను తక్కువుంటే నడిచెళ్ళిపోండి, స్టేషన్ నుంచి మెయిన్ వీధి అంతా నడకే.

గోర్నర్‌గ్రాట్ రైలుకి ఫుల్ మార్కులు. జెర్మాట్ నుంచి కొండపైకి వెళ్ళే ఈ రైలు 1898 నుంచి నడుస్తోంది, జారకుండా చక్రం పళ్ళు పట్టుకునే పట్టా మీద 3089 మీటర్ల దాకా ఎక్కుతుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి, మాటర్‌హార్న్ శిఖరం అటే. స్విస్ ట్రావెల్ పాస్ (టూరిస్టుల రైలు, బస్సు పాస్) ఉంటే దీనికి సగం టికెట్టే. ముందురోజే కొనేయకండి, పొద్దున్నే వెబ్‌క్యామ్ చూసి మబ్బు లేకపోతేనే తీసుకోండి.